మారిషస్‌కు చేతిరాత టిక్కెట్టు

జహీరాబాద్,
9 జూలై 2025

బాలమణి అక్కకు,

షోలాపూర్‌లో ఉక్కపోత తగ్గిందా? బావ గుర్రు తగ్గిందా? రెండోది తగ్గదని తెలుసు, అయినా బామ్మర్దిని కాబట్టి అడగడం మర్యాద. ఇక్కడ నేను, నీ మరదలు మనోరమ బాగానే ఉన్నాం. ఆషాఢం కదా, మా టెంట్‌హౌస్ కుర్చీలు ఒకదాని మీద ఒకటెక్కి పడుకున్నాయి. పెళ్ళిళ్ళు లేని నెలలో నా బుర్ర పనిచేస్తుందని నువ్వు భయపడతావు. భయపడకు. ఈసారి చెప్పబోయేది నిజం.

నా బిడ్డ సహస్ర హైదరాబాద్‌లో టూర్ల ఆఫీసులో పనిచేస్తుంది కదా. ఈ యేడు అందరికంటే ఎక్కువ మందిని ఊళ్ళు తిప్పిందని ఆ ఆఫీసువాళ్ళు బహుమానం ఇచ్చారు. మారిషస్ అనే దీవికి ఇద్దరు పోయి, సముద్రం ఒడ్డున రిసార్టులో అయిదు రోజులు ఉండి రావచ్చు. "నాకెందుకు, అమ్మా నువ్వూ పోండి నాన్నా" అన్నది. మనోరమను అడిగాను.

"ఇంట్ల అయితే ఇంకో అర్రలకు పోత. గాలిమోటర్ల నీ పక్కన ఆరు గంటలు కూసోవాలంటే యాడికి పోవాలె? మీ అక్కను తోల్కపో. ఆమెకు చిన్నప్పటి సంది అలవాటున్నది" అన్నది.

డిసెంబర్ మూడో తారీఖు అక్కా. నువ్వూ నేనూ. రైల్వే స్టేషన్ వెనక అద్దె ఇంట్లో నువ్వు నాకు భూగోళం చెప్పేదానివి, యాదికుందా? అట్ట చిరిగిన అట్లాసులో ఆవగింజంత చుక్క చూపించి "ఇది దీవి, చుట్టూ నీళ్ళే" అన్నావు. నేను ఈగ పెట్టిన గుడ్డు అన్నాను. మొట్టికాయ పడింది. ఇప్పుడు ఆ ఈగ గుడ్డు మీదికే పోతున్నాం.

వెంటనే పాస్‌పోర్టుకు పెట్టు. నీ హుకుం ప్రకారం ఫోన్ చేయకుండా చేత్తోనే రాశాను.

నీకున్న ఒకే ఒక్క తలనొప్పి,
బస్వరాజ్


షోలాపూర్,
17 జూలై 2025

తలనొప్పికి,

నీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. మీ బావ ఒకసారి చదివి, అద్దాలు తుడుచుకుని, "ఇండ్ల మోసం యాడున్నదో కనవడ్తలేదు" అన్నారు. కనబడేట్టు పెడితే నువ్వు బస్వరాజ్‌వి ఎట్లా అవుతావు?

ఒకసారి కలెక్టరమ్మ గొంతుతో ఫోన్ చేసి, తనిఖీకి వస్తున్నానని చెప్పి మా గల్లీ మొత్తం ఊడ్పించావు. మేం ఇల్లు కట్టుకున్నప్పుడు ఒక పగటివేషగాణ్ణి ఇన్‌స్పెక్టర్ లాగా పంపి, కుట్టుమిషనుకు లైసెన్సు ఏదని నన్ను గడగడలాడించావు. ఆ మనిషికి అన్నం కూడా పెట్టాను, లంచం అనుకుని. అందుకే కదా నీకు ఫోన్ బంద్ చేసింది! నీ గొంతును టెంటు కుర్చీల లాగా ఊరందరికీ అద్దెకిస్తావు. చేతిరాత ఒక్కటే నీది. కోడి గీకినట్టుండే ఆ రాత వేరేవాళ్ళు రాయాలన్నా రాయలేరు.

కానీ చేత్తో కూడా అబద్ధం రాయొచ్చు కదరా. యాభై తొమ్మిదేళ్ళ ముసలిదానికి సముద్రం ఆశ పెట్టి, నేను సంచీ సర్దుకున్నాక కిసుక్కున నవ్వుదామని చూస్తున్నావు. నేను రాను. ముందు గదిలో చదువుకునే పిల్లలు పద్నాలుగు మంది ఉన్నారు, వాళ్ళను ఎవరు చూస్తారు? మరీ అంత నిజమైతే రుజువు పంపు.

మోసపోవడానికి ఓపిక లేని,
అక్క


జహీరాబాద్,
24 జూలై 2025

అనుమానాల అక్కకు,

రుజువు ఇందులోనే పెట్టాను. సహస్ర ఆఫీసు కాగితం అది. నీ పేరు, నా పేరు, తారీఖులు, అన్నీ అచ్చులో ఉన్నాయి. ముంబై దాకా ఒక విమానం, అక్కడి నుంచి ఆరు గంటలకు పైన ఇంకొకటి. రిసార్టులో గది తలుపు తీస్తే ఇసుకేనట. నీలం రంగు నీళ్ళలో అడుగున చేపలు కనబడతాయట. పొద్దున ఫలహారానికి నలభై రకాలట, కానీ జొన్నరొట్టె ఉండదు, అది నువ్వు కట్టుకురావాలి. ఆ దీవి నిండా చెరుకేనట అక్కా. నూరేళ్ళకు ముందెప్పుడో మన తెలుగువాళ్ళు అక్కడికి చెరుకు నరకడానికి పోయి ఉండిపోయారని సహస్ర చెప్పింది. జహీరాబాద్‌లో పుట్టినవాణ్ణి చెరుకు చూడటానికి సముద్రం దాటిస్తున్నారు, నా రాత చూడు.

ఇంత రాస్తుంటే నా మొదటి టైపు కాగితం గుర్తొచ్చింది. అప్పుడు నాకు పదహారేళ్ళు. పది తప్పి టైపు నేర్చుకుంటున్నాను. నువ్వు టీచర్ ట్రైనింగ్ చేసి ఉద్యోగం కోసం చూస్తున్నావు. కోహీర్ బడిలో నీకు టీచరు పోస్టు వచ్చిందని, ఫలానా రోజు జిల్లా ఆఫీసుకు రమ్మని నేనే టైపు కొట్టి పోస్టులో వేశాను. ఏప్రిల్ ఒకటి! నువ్వు బయల్దేరేలోపు చెబుదామనుకున్నాను, నేను లేచేసరికే మొదటి బస్సు ఎక్కేశావు. సాయంత్రం వచ్చి అమ్మ ముందు ఎంత నవ్వావు! "మా తమ్ముడు టైపు మంచిగనే నేర్చిండు" అన్నావు. ముప్పై ఆరేళ్ళుగా ఆ ముచ్చట చెప్పి ఎన్ని పెళ్ళిపందిళ్ళను నవ్వించానో. అంతటి వేళాకోళం మళ్ళీ నాకు కుదరలేదు.

జల్దీ అప్లికేషన్ పెట్టు.

బస్వరాజ్


షోలాపూర్,
5 ఆగస్టు 2025

బస్వరాజ్‌కు,

నీ అచ్చు కాగితం నీకే తిప్పి పంపుతున్నాను. అచ్చులో వచ్చింది ఏదైనా నాకు అక్కరలేదు. పెళ్ళిపత్రికలు కూడా మీ బావతో చదివించుకుని, వాళ్ళింటికి మనిషిని పంపి అడిగిన తర్వాతే పోతాను. గల్లీలో నవ్వుతారు, నవ్వనీ.

మీ బావ మాత్రం నీ కంటే పిచ్చివాడయ్యాడు. "ఒట్టిదైతే ఏం పాయె, పాస్‌పోర్ట్ అయితే ఉంటది గద" అని నన్ను లాక్కుపోయి అప్లికేషన్ పెట్టించాడు. ఫొటోలో నవ్వకూడదట. నాకు అదేం కష్టం కాలేదు.

రిసార్టుకు ఏం చీర కట్టుకుంటారు? ఊరికే అడుగుతున్నాను. వస్తానని కాదు.

అక్క


జహీరాబాద్,
12 ఆగస్టు 2025

ఊరికే అడిగే అక్కకు,

నువ్వు అచ్చును నమ్మవు కాబట్టి, టిక్కెట్టు మొత్తం చేత్తో రాసి పంపుతున్నాను. విమానం నంబరు, సీటు నంబరు, కింద చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న షరతులు కూడా వదల్లేదు. ఇంగ్లీషు కదా, ఒక్కో అక్షరం చూసి బొమ్మ గీసినట్టు గీశాను. మూడు రోజులు పట్టింది. "పదోతరగతిల ఇట్ల రాసుంటే పాసయ్యెటోనివి" అని మనోరమ. విమానం బొమ్మ కూడా వేశాను. అది బాతు కాదు, విమానమే.

చీర నీ ఇష్టం. కాటన్‌ది అయితే తొందరగా ఆరుతుంది. అలలు వస్తే తడవక తప్పదు.

రాస్తూ రాస్తూ మన ఎల్లమాస పండుగలు గుర్తొచ్చాయి. అమాస రోజు బండి కట్టుకుని న్యాల్‌కల్‌లో మేనమామ చేనుకు పోయేవాళ్ళం. జొన్నదంట్లతో చిన్న గుడిసె కట్టి పూజ చేసేవాళ్ళు, తర్వాత అన్ని రకాల గింజలూ ఆకుకూరలూ వేసి వండిన భజ్జికూర, సజ్జరొట్టె. నేను తిని గడ్డిలో పడుకునేవాణ్ణి. నువ్వు మాత్రం గట్టు మీద నిలబడి, గాలికి ఊగే జొన్నచేను చూస్తూ, "సముద్రం గిట్లనే ఉంటదట రా, ఒకటెన్క ఒకటి వస్తనే ఉంటదట" అనేదానివి. అప్పుడు నీకు పద్నాలుగేళ్ళు ఉంటాయేమో. ఆ చేను ఇప్పుడు ప్లాట్లయింది. మేనమామ లేడు. నీకు సముద్రం చూపించాలని నాకు అప్పుడు అనిపించలేదు అక్కా, నా కడుపు నిండి ఉండేది. ఇప్పుడు అనిపిస్తోంది. ఈ యేడు ఎల్లమాసకు ముందే తిరిగొస్తాం.

బస్వరాజ్


షోలాపూర్,
28 ఆగస్టు 2025

ఒరేయ్ బద్మాష్,

నీ చేతిరాత టిక్కెట్టు చూసి నిజమే అనుకున్నాను. పది రోజులు అనుకున్నాను. పిల్లల తల్లులకు చెప్పాను, రెండు కాటన్ చీరలకు గంజి పెట్టాను. అంతలోనే దొరికిపోయావు.

మొన్న మంగళవారం పొద్దున తలుపు కొట్టాడు నీ మనిషి. పోలీసు వేషం! నీకు కొత్త వేషం కూడా దొరకలేదా? మరాఠీలో "బాలమణి మీరేనా? ఈ ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు? పాస్‌పోర్టు విచారణకు వచ్చాను" అని గంభీరంగా అడిగాడు. మీ బావ ఇంట్లో లేరు. నేను ఊరుకుంటానా?

"ఏం పగటేషగానివిరా నువ్వు! మా తమ్ముడే పంపిండు గదా? పోయినసారి అన్నం తినిపోయినోడు నీకు చుట్టమా? ఈ మీసం పెంచుకున్నవా, అంటిచ్చుకున్నవా?" అని మీసం పట్టుకుని లాగాను.

ఊడలేదు. ఈసారి మంచి జిగురే కొనిచ్చావు. "జహీరాబాద్ పోయి మావోనికి చెప్పు, అక్క ముసల్ది అయింది గని ఎడ్డిది కాలేదని" అన్నాను. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ఆ మనిషి కాగితం మడుచుకుని, నిజం పోలీసు లాగానే టోపీ సర్దుకుని పోయాడు. మంచి నటుడు.

మళ్ళీ ఒకసారి నమ్మించావు చూడు, దానికే కోపం వచ్చింది.

అక్క


జహీరాబాద్,
4 సెప్టెంబర్ 2025

అక్కా,

అది జిగురు కాదు. అది ఆయన మీసం.

నేను ఎవరినీ పంపలేదు. నా బిడ్డ మీద ఒట్టు. ఆయన నిజం కానిస్టేబుల్, నిజం విచారణకే వచ్చాడు. నిన్న సహస్ర కంప్యూటర్‌లో చూస్తే నీ పేరు ముందు విచారణ సరిగా జరగలేదని ఉందట. మీసం సంగతి ఆయన రాశాడో లేదో తెలియదు, సిగ్గుపడి రాయలేదేమో. ఇట్లా అయితే పాస్‌పోర్టు రాదు. డిసెంబర్‌లోపు అసలే రాదు.

మొదట గంటసేపు నవ్వాను, దాచను. టెంట్‌హౌస్‌లో నేల మీద పడి నవ్వాను. తర్వాత కోపం వచ్చింది. మూడు రోజులు కూర్చుని టిక్కెట్టు చెక్కాను కదా అక్కా! ఇంకేం చేయాలి నేను? నిజం వచ్చి నీ తలుపు కొడితే దాని మీసం లాగుతావు. ఇదేం రోగం? నాకు తెలిసి నీకు రావాలని లేదు. రాను అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా, ఆ కానిస్టేబుల్‌ను ఎందుకు సతాయించడం? నేను చేసిన వేళాకోళాలతో ఎవరికన్నా నష్టం జరిగిందా? నవ్వి మరిచిపోయేవే కదా అన్నీ!

బస్వరాజ్


షోలాపూర్,
15 సెప్టెంబర్ 2025

బస్వరాజ్,

నీ ఉత్తరం రాగానే సిగ్గుతో తల తిరిగింది. మీ బావను తీసుకుని స్టేషన్‌కు పోయాను. ఆ సంగతి తర్వాత రాస్తాను. ముందు నువ్వడిగినదానికి జవాబు.

ఇదేం రోగం అన్నావు. ఎప్పుడు పట్టిందో చెప్తాను. నువ్వు టైపు కొట్టిన కాగితం పట్టుకుని ఆ ఏప్రిల్‌లో జిల్లా ఆఫీసుకు పోయాను. అమ్మ పెట్టెలో నుంచి తీసిచ్చిన పట్టుచీర కట్టుకుని పోయాను. అక్కడి గుమాస్తా పెద్దాయన కాగితం అటూ ఇటూ తిప్పి, "ఎవరో నిన్ను ఆట పట్టిచ్చిన్రు బిడ్డా" అన్నాడు. ఇంటికొచ్చి నవ్వాను. అక్కడి వరకు నీకు తెలుసు.

ఆగస్టులో ఇంకో కవరు వచ్చింది. అదే గోధుమరంగు, అవే టైపు అక్షరాలు. ఈసారి మొగుడంపల్లి బడి, పదిహేను రోజుల్లో వచ్చి చేరాలి. "ఊరు మార్చిండు, ముద్ర గూడ సంపాయించిండు" అనుకుని నవ్వుకున్నాను. రొట్టెలు చేస్తున్నాను అప్పుడు. పొయ్యిలో పెట్టాను.

నెల దాటాక, నాతో ట్రైనింగ్ చేసిన పద్మావతి బస్టాండులో కనబడింది. "ఏమే, మొగుడంపల్లిల ఎందుకు చేరలే? నీ పోస్టు ఇంకొకరికి ఇచ్చిన్రు గద" అన్నది. ఇంట్లో పనులున్నాయని చెప్పాను. మరుసటి యేడు పెళ్ళయి ఇక్కడికి వచ్చాను. ముప్పైయేళ్ళుగా ముందు గదిలో పిల్లలకు చదువు చెబుతున్నాను. హాజరుపట్టీ లేని బడి.

నష్టం జరిగిందా అని అడిగావు కాబట్టి రాశాను. లేకపోతే రాసేదాన్ని కాదు.

అక్క


జహీరాబాద్,
8 అక్టోబర్ 2025

పూజ్యురాలైన అక్కగారికి,

మీ ఉత్తరం అందినది. మూడు వారాల నుంచి జవాబు రాయవలెనని కూర్చుంటున్నాను, చేత కావడం లేదు. నేను చేసినది చాలా పెద్ద తప్పు. క్షమించమని అడిగే అర్హత నాకు లేదు. నా వలన మీ జీవితం పాడయినది.

మీరు మారిషస్ రానవసరం లేదు. మిమ్మల్ని నేను ఇక ఏ విధముగానూ ఇబ్బంది పెట్టను. టిక్కెట్లు వేరేవారికి ఇచ్చివేయమని సహస్రకు చెప్పినాను. ఆమె ఏమి చేసినదో నేను అడగలేదు. టైపు కాగితం ముచ్చట ఇకమీదట ఎక్కడా చెప్పను. వేళాకోళములు మానివేసినాను. మనోరమ అడిగితే ఆరోగ్యం బాగాలేదని చెప్పినాను.

బావగారికి నా నమస్కారములు.

ఇట్లు,
బస్వరాజ్


షోలాపూర్,
18 అక్టోబర్ 2025

ఒరేయ్,

ఈ ఉత్తరం ఎవరు రాశారు? కోడి గీతలు నీవే, కానీ లోపల మాట్లాడే మనిషి ఎవరో నాకు తెలియదు. "పూజ్యురాలైన అక్కగారు" ఎవరు? మీ బావ గుర్రు గురించి ఒక్క ముక్క లేదు, నా ముసలితనం మీద ఒక్క దెబ్బ లేదు. మీ బావకు చూపిస్తే, "ఇది ఒట్టిదే, బస్వరాజ్ రాయలే" అని తేల్చేశారు. ఇన్నాళ్ళకు నీ పేరు మీద వచ్చిన నకిలీ ఉత్తరం ఇదొక్కటే.

ఎందుకు చెప్పలేదో కూడా విను. ఆ యేడు నాన్న పోయి ఆరు నెలలు. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంటే పొద్దు గూకేదాకా లేచేది కాదు. ఆ ఇంట్లో ఆమె నోరు తెరిచి నవ్విందంటే అది నీ కోతి వేషాలకే. నేను పట్టుచీరతో తిరిగొచ్చిన రోజు కూడా, నా మొహం చూసి, నీ మొహం చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న పోయాక అదే మొదటిసారి. పొయ్యిలో ఏం కాలిందో చెబితే నువ్వు ఆ రోజుతో ఆగిపోయేవాడివి. నాకు ఉద్యోగం ఎట్లాగూ పోయింది, అమ్మకు అది కూడా పోవడమెందుకని ఊరుకున్నాను. కోపం లేదని అబద్ధం చెప్పను. ఉండేది. కొన్నేళ్ళు బాగానే ఉండేది. అమ్మ పోయాక చెబుదామనుకున్నాను, అప్పటికి నీ నవ్వు నాకూ అలవాటైపోయింది.

జీవితం పాడైందట! ఎవరు చెప్పారు నీకు? నా ముందు గదిలో చదివిన పిల్ల ఒకతె ఇప్పుడు ఈ ఊళ్ళోనే హెడ్‌మిస్ట్రెస్. ఇంకొకడు లారీ నడుపుతాడు, కనబడితే బండి ఆపి మొక్కుతాడు, వెనక బండ్లన్నీ హారన్లు కొడతాయి.

కానిస్టేబుల్ సంగతి. నేను స్టేషన్ గుమ్మం ఎక్కగానే ఆయన మీసం మీద చెయ్యి పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. నాకు తమ్ముడొకడున్నాడు అని మొదలుపెట్టి అంతా చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాడు. "ఆ తమ్ముణ్ణి ఒకసారి చూపించండి తాయీ" అన్నాడు. మళ్ళీ వచ్చి అన్నీ సక్రమంగా రాసుకుపోయాడు. నిన్న పాస్‌పోర్టు వచ్చింది. అచ్చులో ఉంది. నేనే చదివాను.

టిక్కెట్లు సహస్ర దగ్గర ఇంకా ఉన్నాయో, ఎవరికన్నా ఇచ్చేసిందో నాకు తెలియదు. అడగను. నువ్వూ అడిగి రాయకు. డిసెంబర్ రెండో తారీఖు పొద్దున నేను హైదరాబాద్ బస్సు ఎక్కి జహీరాబాద్‌లో దిగుతున్నాను. పిల్లలకు పదిరోజులు సెలవు చెప్పేశాను. టిక్కెట్లు ఉంటే సముద్రం చూద్దాం. లేకపోతే ఆ అయిదు రోజులూ మీ ఇంట్లోనే తిని పడుకుంటాను, మనోరమకు చెప్పు. ఎట్లయినా నేనైతే బయల్దేరుతున్నాను.

బస్టాండుకు నువ్వే రా. మొహం వేలాడేసుకుని కాళ్ళమీద పడ్డావంటే అదే బస్సెక్కి తిరిగిపోతాను. నేను మెట్టు దిగేసరికి ఏదో ఒకటి చెయ్యి. ఏం చేస్తావో నాకు ముందుగా తెలియకూడదు.

నీ అక్క,
బాలమణి